మీటరు మాట వినకండి, క్యాలెండర్ చూడండి

మా నాన్న బండి మీటరు చూస్తే ఎవరైనా మోసపోవాల్సిందే. పన్నెండు వేల చిల్లర చూపిస్తుంది. 'అబ్బో, ఇంకా కొత్తదేనే' అనుకుంటారు. అసలు సంగతేంటంటే, అది ఒకసారి 99,999 దాకా వెళ్లి, మళ్లీ సున్నాల దగ్గర మొదలెట్టింది. అంటే అసలు లెక్క లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు. 2009లో కొన్న 100 సీసీ బండి. కంపెనీ పేరెందుకులెండి, మన వీధుల్లో ఎటు చూసినా కనిపించే రకమే.

ఈ వారం కబుర్లు ఆ బండి గురించే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దాని కడుపులో పోసే 900 మిల్లీలీటర్ల ఆయిల్ గురించి. 'ఆయిల్‌దేముంది, షాపులో ఏదిస్తే అది పోసేయడమే' అనుకునే బ్యాచ్‌లో మొన్నమొన్నటి దాకా నేనూ ఉన్నాను. ఆ నిర్లక్ష్యం గౌతమి వంతెన మీద, ఇసుక లారీ ముందు నాకు పాఠం చెప్పింది. ఆ ముచ్చట తర్వాత. ముందు నాన్న గురించి చెప్పాలి.

మాది రావులపాలెం పక్కన ఊరు. నాన్న ఎరువుల అమ్మకాల్లో పనిచేసేవారు. ఒకరోజు తణుకు, ఒకరోజు అమలాపురం, ఇంకోరోజు పాలకొల్లు. సెలవులూ పండగలూ కలుపుకున్నా సగటున రోజుకి దాదాపు ముప్పై కిలోమీటర్లు ఉండేది. 2020లో రిటైరయ్యారు. అప్పటికి లక్ష దాటింది. ఆ తర్వాత ఆయన ప్రపంచం చిన్నదైపోయింది. పొద్దున్న సెంటర్‌కి, టీ, పేపరు. ఆ తర్వాత కొబ్బరి తోటకి. సాయంత్రం రామాలయం అరుగు మీద కబుర్లు. ఏదీ కిలోమీటరు, కిలోమీటరున్నర దాటదు. లెక్కేశాను: రోజుకి ఆరు కిలోమీటర్లు, ఆరు స్టార్టులు. అంటే స్టార్ట్ చేసిన ప్రతిసారీ కిలోమీటరే. ఇంజిన్ ఒళ్లు వేడెక్కేలోపే ఆపేయడం.

మీగడ ఎక్కడిది?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఊరికే ఉండలేక బండి ముందు కూర్చున్నాను. ఆయిల్ మూత తిప్పి తీస్తే, లోపలివైపు లేత గోధుమరంగులో మీగడ లాంటిది అంటుకుని ఉంది. ఫిల్టర్ కాఫీ మీద నురగలా.

"నాన్నా, ఇందులో నీళ్లు పడ్డాయా?"

"నీళ్లెందుకు పోస్తానురా అందులో, నాకేమన్నా మతిపోయిందా?"

సెంటర్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. మూత చూశాడు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టాడు, ఇంజిన్ చప్పుడు విన్నాడు. "ఆయ్, బండి అయిపోయిందండి బాబాయిగారూ. లక్ష దాటేసింది కదండీ మరి. బోరు కిట్టు ఏసుకోవాలండి, ఏడు వేల దాకా అవుద్ది. లేదంటే పదిహేను వేలకి ఇచ్చేయండి, పార్టీ ఉన్నాడు. ఈ వయసులో కిక్కులు కొట్టడమెందుకండి, స్కూటీ కొనుక్కుంటే సుఖంగా తిరగొచ్చు."

అతను చెడ్డవాడు కాదు, మా ఇంటి మనిషి లాంటివాడు. కానీ 'అయిపోయింది', 'ఈ వయసులో' అన్న రెండు మాటలూ ఒకే ఊపిరిలో వచ్చేసరికి నాన్న ముఖం చూడలేకపోయాను. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర "పోనీ ఇచ్చేద్దాంలేరా" అన్నారు. ఆ 'పోనీ' నాకు నచ్చలేదు.

సరే, ఒక్కోటీ కొట్టేసుకుంటూ వెళ్దాం అనుకున్నాను. కార్లో అయితే ఇలాంటి మీగడ చూడగానే రేడియేటర్ నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని అనుమానపడాలి. అక్కడ హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. కానీ ఈ బండికి రేడియేటరే లేదు, గాలే దిక్కు. మరి వరద నీళ్లా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలన్నీ మునిగినప్పుడు కూడా బండిని పక్కింటివాళ్ల ఎత్తరుగు మీదే పెట్టాం. తడవలేదు.

మరి నీళ్లు ఎక్కడివి? పెట్రోల్లోంచి.

నమ్మబుద్ధి కావట్లేదు కదా? పెట్రోల్లో హైడ్రోజన్ ఉంటుంది. కాలేటప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు తయారవుతాయి. పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ చివర నీటిబొట్లు కారడం చూసే ఉంటారు, అవి ఇవే. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండానే పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. లక్ష దాటిన బండిలో రింగులు అరిగి ఉంటాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ దిగుతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కితే ఇబ్బంది లేదు. ఆయిల్ కాగినప్పుడు నీళ్లు మళ్లీ ఆవిరై గొట్టం ద్వారా బయటికి పోతాయి. వంటింట్లో మూత తీసిన గిన్నెలోంచి పోయినట్టే. కానీ పైన హెడ్ రెండు నిమిషాల్లో చుర్రుమన్నంత మాత్రాన కింద ఆయిల్ కాగినట్టు కాదు. అందుకు పది పదిహేను నిమిషాల పరుగైనా కావాలి. నాన్న బండి పరుగు మూడు నిమిషాలు. నీళ్లు దిగుతాయి, పోవు. వాటితో పాటు కాలకుండా మిగిలిన పెట్రోలూ దిగుతుంది. పాత కార్బ్యురేటర్ బండ్లకి చోకు లాగి వదిలేస్తే ఇంకా ఎక్కువ. ఆ నీళ్లూ, కాలినప్పుడు పుట్టిన వాయువులూ కలిస్తే ఆమ్లాలు తయారవుతాయి. ఆయిల్లో వాటిని చంపే మందు కొంత కలిపే ఉంటుంది గానీ, అది రోజూ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడుందో చూడండి. నాన్న ఎప్పుడూ 2,500 కిలోమీటర్లకి ఒకసారి ఆయిల్ మార్పిస్తారు. ఉద్యోగం చేసే రోజుల్లో ఆ 2,500 మూడు నెలల్లోపే అయిపోయేవి. ఇప్పుడు అవే 2,500 తిరగడానికి పద్నాలుగు నెలలు పడుతోంది. మనిషి అదే, బండి అదే, లెక్కా అదే. జీవితం మాత్రం మారిపోయింది. మీటరుకి ఆ సంగతి తెలీదు.

మన డెల్టా వాళ్లకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. కాలువలో పూడిక 'ఈ ఏడాది ఎన్ని ఎకరాలు తడిశాయి' అని లెక్కేసి తీయరు. వేసవిలో నీళ్లు కట్టేయగానే తీస్తారు. ఆయిలూ అంతే. తక్కువ దూరాలు తిరిగే బండికి కిలోమీటర్లు కాదు, నెలలు లెక్క. మీ బండి మాన్యువల్ తీసి చూడండి, కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా ఇచ్చి 'ఏది ముందైతే అది' అని రాసి ఉంటుంది. ఆ రెండో అంకె మనలో ఎవరం చూస్తాం?

నా తెలివితేటలు

ఇంత తెలుసుకున్నాక నాలో ఇంజినీరు లేచాడు. 'నాన్న బండికి మంచి ఆయిల్ పోయాలి, ఖరీదైనది పోయాలి' అనుకున్నాను. కార్లకి వాడే ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 తెచ్చి, పాతది దింపి పోసేశాను. బండి మెత్తగా, చప్పుడు లేకుండా నడిచింది. నాన్న మెచ్చుకున్నారు కూడా.

నాలుగో రోజు ఇద్దరం రాజమండ్రి బయల్దేరాం. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కుతుంటే యాక్సిలరేటర్ తిప్పాను. ఇంజిన్ గొంతు పెంచింది, బండి మాత్రం వేగం పెంచలేదు. ఇంకా తిప్పాను. అరుపే గానీ అడుగు పడట్లేదు. వెనకాల ఇసుక లారీ హారన్. అద్దంలో దాని ముఖం పెద్దదవుతోంది. నాన్న నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఎలాగో ఎడమ పక్కకి జరిపి ఆపాను. లారీ గాలి ఇద్దర్నీ ఊపేసి వెళ్లిపోయింది. నాన్న ఏమీ అనలేదు. "కాసేపు ఆగి వెళ్దాంలే" అన్నారంతే. నా చేతులు వణకడం ఆయన చూశారు.

తప్పు బండిది కాదు, ఆయిల్ కంపెనీది కాదు, నాది. కార్లో ఇంజిన్‌కి వేరే ఆయిల్, గేర్ బాక్సుకి వేరే. క్లచ్ పొడిగా ఉంటుంది. గేర్ల బైకులో చాలావరకు ఇంజినూ, గేర్లూ, క్లచ్ ప్లేట్లూ అన్నీ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. పల్చటి కార్ల ఆయిళ్లలో చాలావాటికి మైలేజీ కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అసలే అరిగిన ప్లేట్లు, ఆపై ఆ జారుడు మందు. ఇంకేం పట్టుకుంటాయి?

డబ్బా మీద ఏం చూడాలి?

అందుకే ఆయిల్ కొనేటప్పుడు ధర కాదు, డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. మూడే మూడు విషయాలు.

ఒకటి, జాసో. ఇది జపాన్ ప్రమాణం. గేర్ల బైకుకి 'ఎంఏ' గానీ 'ఎంఏ2' గానీ ఉండాలి. క్లచ్ జారదని దాని అర్థం. గేర్లు లేని స్కూటర్లకి చాలావాటికి 'ఎంబీ' చెబుతారు. వాటి క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి జారుడు ఆయిలే మంచిది. స్కూటర్ ఆయిల్ బైకులో పోస్తే నాకు జరిగిందే మీకూ జరగొచ్చు. ఇంట్లో రెండు బండ్లూ ఉండి, ఒకే డబ్బా తెచ్చి సర్దేసే వాళ్లు జాగ్రత్త.

రెండు, ఏపీఐ. 'ఎస్' తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లవి, 'సి' తో మొదలయ్యేవి డీజిల్‌వి. ఎస్ఎల్, ఎస్ఎమ్, ఎస్ఎన్, 2020లో వచ్చిన ఎస్‌పీ, ఇలా అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. మాన్యువల్లో చెప్పిందో, దానికంటే కొత్తదో తీసుకోవచ్చు. బైకుకైతే జాసో గుర్తు కూడా ఉండాల్సిందే. ఆ గుండ్రటి గుర్తు కింద 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉంటే బైకుకి వద్దు. అది కార్లకి.

మూడు, ఎస్ఏఈ గ్రేడు. 10డబ్ల్యూ-30 లాంటిది. డబ్ల్యూ అంటే వింటర్. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. తక్కువ అంకె అంటే తేలిగ్గా పారుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది.

ఇక్కడే మన మెకానిక్‌లకీ నాకూ గొడవ. "పాతబడ్డ బండండి, మందపాటి ఆయిల్ పోసేద్దాం, 20డబ్ల్యూ-50. పొగ ఆగిపోద్ది, చప్పుడు తగ్గిపోద్ది" అంటారు. మాటలో నిజం లేకపోలేదు. అరిగిన సందుల్లో చిక్కటి ఆయిల్ నిలబడుతుంది, చప్పుడు తగ్గుతుంది. హైవే మీద ఎండలో గంటలు గంటలు తిరిగే పాత బండికి అది పనికొచ్చే సలహానే, అదీ మాన్యువల్ ఒప్పుకుంటే. కానీ నాన్న బండి కథ వేరు. 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 ఆయిల్, 10డబ్ల్యూ-30 కంటే దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. మనకి మంచు పడదు, ధనుర్మాసంలో కూడా బండి స్టార్ట్ అవ్వకుండా గడ్డకట్టదు, నిజమే. కానీ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ ఎంత త్వరగా పైన హెడ్ దాకా ఎక్కితే ఇంజిన్ అంత తక్కువ అరుగుతుంది. రోజుకి ఆరు స్టార్టులు కొట్టే బండికి ఆ తొలి క్షణాలే జీవితం. పైగా చిక్కటి ఆయిల్ కూడా నీళ్లని ఆపలేదు. రోగం తేమ అయితే మందం మందు కాదు.

మరి సింథటిక్? మంచిదే. ఎక్కువ వేడినీ, ఎక్కువ కాలాన్నీ తట్టుకుంటుంది. కానీ మన బండిలో ఆయిల్ ముసలితనంతో చెడట్లేదు, కల్తీతో చెడుతోంది. దిగే నీళ్లకీ పెట్రోలుకీ డబ్బా ధర తెలీదు. అందుకే ఖరీదైనది ఏడాదికొకసారి పోసేకంటే, సరైన గుర్తులున్న మామూలు ఆయిల్ మూడుసార్లు మార్చడం మేలు. నేను చివరికి మాన్యువల్లో ఉన్న 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ దగ్గరికే వచ్చాను. పోసి, 300 కిలోమీటర్లకే మళ్లీ మార్పించాను, లోపల మిగిలిన పాతది కడిగినట్టవుతుందని. క్లచ్ మళ్లీ పట్టుకుంది. షాపులో 'ఇంజిన్ ట్రీట్‌మెంట్' అంటూ చిన్న సీసాలు అమ్ముతారు, వాటి జోలికి పోలేదు. రాపిడి తగ్గించే మందులు బైకు క్లచ్‌కి పడవని ఒకసారి నేర్చుకున్నా కదా.

తగ్గకపోవడమే అనుమానం

ఇక 'బండి అయిపోయింది' అన్న మాట తేల్చాలి. అయిపోయిందో లేదో చెప్పేది కిలోమీటర్లు కాదు, ఎంత ఆయిల్ తాగుతోందన్నది.

నాన్న గర్వంగా చెప్పేవారు: "నా బండి చుక్క ఆయిల్ తాగదురా. ఆర్నెల్ల తర్వాత చూసినా అదే గీత." ఇక్కడో మెలిక ఉంది. పొట్టి దూరాల బండిలో ఆయిల్ కొంచెం కాలిపోతున్నా, ఆ ఖాళీని నీళ్లూ పెట్రోలూ పూడుస్తుంటాయి. స్టిక్ మీద గీత కదలదు. మనం మురిసిపోతాం. ఒకరోజు దూరం వెళ్లగానే ఆ నీళ్లు ఆవిరై, గీత ఒక్కసారి దిగిపోతుంది. 'అయ్యో, ఒక్క ట్రిప్పుకే ఇంత తాగిందే' అని బండిని తిడతాం. పాలు నీళ్లు కలిపి అమ్మేవాడి దగ్గర కొలత చూసినట్టే ఇది. గిన్నె నిండుగానే ఉంటుంది మరి.

అందుకే కొత్త ఆయిల్ పోశాక మూడు నెలలు లెక్క రాశాం. ప్రతి ఆదివారం దూరం తిప్పి, వచ్చాక సమతలంగా ఉన్న చోట సెంటర్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలాగి, స్టిక్ తుడిచి చూడటం. చాలా 100 సీసీ బండ్లకి స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ మాన్యువల్లో ఎలా ఉందో చూసుకోండి. తగ్గినంత, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలిచి పోశాం. వెయ్యి కిలోమీటర్లకి మొత్తం వంద మిల్లీలీటర్లు. నోటుబుక్కు తీసుకెళ్లి మెకానిక్‌కి చూపిస్తే తల గోక్కున్నాడు. "వందేనా అండీ? అయితే ఇప్పుడప్పుడే విప్పక్కర్లేదండి బాబాయిగారూ. పోసుకుంటా తిరిగేయండి."

నాన్న నవ్వారు. సంక్రాంతి తర్వాత ఆ బండి విషయంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మీ బండి లెక్క ఇలా రాకపోవచ్చు. బాగా ఎక్కువ తాగుతుంటే, మాన్యువల్లో ఇంకో గ్రేడు కూడా ఒప్పుకుని ఉంటే, ఒక్క మెట్టు ఎక్కండి. 10డబ్ల్యూ-30 నుంచి 10డబ్ల్యూ-40 అన్నమాట. చల్లటప్పుడు పారే గుణం పోదు, వేడిలో కొంచెం చిక్కదనం వస్తుంది. పొగ రంగు కూడా గమనించండి. పొద్దున కాసేపు తెల్లగా వచ్చి పోతే అది ఆవిరి. నీలం రంగులో వస్తే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ చేయగానే నీలం కనిపించి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. వేగం పెంచినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు. అప్పుడు మాత్రం ఏ డబ్బా కూడా కాపాడదు, మెకానిక్ మాట వినండి.

మీ ఇంట్లో బండి కూడా ఇదే కావొచ్చు

'మా నాన్న బండి కాదుగా' అనుకుని స్క్రోల్ చేసేయకండి. భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్ల మీద రోజుకి పదిసార్లు ఆపుతూ, తీస్తూ తిరిగే బండి ఇదే కోవ. కడియం నర్సరీల్లో మడి నుంచి మడికి తిరిగేదీ అంతే. ఇంటి నుంచి కాలేజీ బస్సు స్టాపు దాకా వెళ్లి రోజంతా చెట్టు కింద నిలబడే మీ స్కూటర్ కూడా అంతే. రాజమండ్రిలో దానవాయిపేట నుంచి దేవీచౌక్ దాకా వెళ్లి వచ్చే పాత కారూ అంతే.

కార్ల వాళ్లకి ఒక్క ముక్క. చాలా కార్ల మాన్యువల్లో చివర 'కఠిన పరిస్థితులు' అని ఒక పేజీ ఉంటుంది. ఎడారీ, కొండలూ అనుకుంటాం. అందులో మాటిమాటికీ తక్కువ దూరాలు తిరగడం కూడా ఉంటుంది! ఆ పేజీలో ఇచ్చిన గడువే మీ గడువు. కార్లకి జాసో ఎంఏ అక్కర్లేదు. 'హై మైలేజ్' అని వేరే రకం ఆయిల్ కూడా ఉంది. 2000లో అమెరికాలో వాల్వొలిన్ కంపెనీ 75 వేల మైళ్లు, అంటే మన లెక్కలో లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన కార్ల కోసం మొదలెట్టింది. గట్టిపడిన రబ్బరు సీళ్లని మెత్తబరిచే మందు కలుపుతారు. సన్నగా కారే పాత కారుకి పనికొస్తుంది. కానీ అది పోశాం కదా అని గడువు మర్చిపోతే మళ్లీ అదే మీగడ.

'రోజూ పొద్దున్న ఇంటి ముందే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నానుగా' అనేవాళ్లూ ఉన్నారు. వద్దండి. నిలబడి తిరిగే ఇంజిన్లో ఆయిల్ సరిగ్గా కాగదు, పెట్రోలు మాత్రం కాలుతుంది, అంటే ఇంకొన్ని నీళ్లు. నడిపితేనే మందు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆయిల్ నమ్మకమైన చోట, కంపెనీ సర్వీస్ సెంటర్లోనో, పెట్రోలు బంకులోనో కొనండి. ఖాళీ డబ్బాకి కత్తితో గాటు పెట్టి పారేయండి, అందులో మళ్లీ నకిలీది నింపి అమ్మకుండా. దింపిన నల్ల ఆయిల్‌ని మాత్రం కాలువలో పోయొద్దు. మన ఊళ్లలో చాలాచోట్ల ఆ కాలువ నీళ్లే చెరువుకెక్కి, ట్యాంకుకెక్కి, మన కుళాయిలోకి వస్తాయి. చెదలు పట్టకుండా గుమ్మాలకీ రాటలకీ పూసే అలవాటూ ఉంది, అదీ ఒంటికి మంచిది కాదు. మూత బిగించి మెకానిక్ డ్రమ్ములో పోయించండి.

మా ఇంట్లో ఇప్పుడు లెక్క తేలిగ్గా ఉంది: సంక్రాంతికి ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో ఒకసారి, వినాయక చవితికి ఒకసారి. నాలుగేసి నెలలు. డబ్బా నాలుగొందల అటూ ఇటూ, ఏడాదికి పన్నెండొందలు. ఇది మా బండికి నేను పెట్టుకున్న లెక్క. మీ మాన్యువల్ ఇంకా ముందే మార్చమంటే దాని మాటే వినండి.

ఇక ఆదివారాలు. నాన్న పొద్దున్నే కాలువ గట్టున లొల్ల లాకులు దాటి, ఆత్రేయపురం మీదుగా, బొబ్బర్లంక నుంచి బ్యారేజీ దాకా వెళ్తారు. అటు ఇరవై, ఇటు ఇరవై కిలోమీటర్లు. మొదట్లో 'ఇంజిన్ కాగడానికి' అని వెళ్లేవారు. ఇప్పుడు దారిలో పాత ఎరువుల డీలర్లు టీకి ఆపుతున్నారట. "ఇంకా అదే బండా సార్!" అంటున్నారట. ఒక్కోసారి పూతరేకులు కూడా వస్తున్నాయి. స్కూటీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న ఇంటికెళ్లినప్పుడు ఆయిల్ మూత తీసి చూశాను. మీగడ లేదు. మూత బిగిస్తుంటే ట్యాంకు మీద చిన్న స్టిక్కర్ కనిపించింది. మెకానిక్ రాసింది. మామూలుగా అక్కడ 'మళ్లీ ఇన్ని కిలోమీటర్లకి' అని అంకె ఉంటుంది. దీని మీద అంకె లేదు. 'వినాయక చవితి' అని ఉంది, అంతే.